ఈజ్_ఫైనల్ వాడాలా, డమ్మీ క్లాస్‌తో ఇన్‌హెరిట్ చేసి చూడాలా?

సీ++ టెంప్లేట్‌కి వచ్చిన టైప్ నుంచి ఇన్‌హెరిట్ చేయొచ్చో లేదో కంపైల్ టైమ్‌లోనే తెలియాలంటే చాలామందికి మొదట తట్టేది డమ్మీ క్లాస్: దాన్నుంచి ఇన్‌హెరిట్ చేద్దాం, కుదరకపోతే స్ఫినే (SFINAE: టెంప్లేట్‌లో టైప్ సరిపోకపోతే ఎర్రర్ ఇవ్వకుండా దాన్ని పక్కన పెట్టే సీ++ నియమం) చూసుకుంటుందిలే అని. చూసుకోదు! ఎర్రర్ ఆ డమ్మీ క్లాస్ లోపల పుడుతుంది కాబట్టి స్ఫినే చేతికి అందదు, కంపైలేషన్ అక్కడే ఆగిపోతుంది. మీరు అడిగింది అవునా కాదా అని, దక్కేది చాంతాడంత ఎర్రర్ మెసేజ్.

సీ++14లో వచ్చిన ఈజ్_ఫైనల్ (std::is_final), టైప్‌కి ఫైనల్ అని, అంటే దాన్నుంచి ఇన్‌హెరిట్ చేయకూడదని, రాసి ఉందో లేదో నేరుగా కంపైలర్‌నే అడిగి ట్రూనో ఫాల్సో చెబుతుంది. నా ఓటు దీనికే, కానీ ఓ మెలిక ఉంది: ఫైనల్ అని రాయని యూనియన్‌కి కూడా ఫాల్సే ఇస్తుంది, యూనియన్ నుంచేమో అసలు ఇన్‌హెరిట్ చేయలేం. అందుకే టైప్ యూనియన్ కాకుండా క్లాసేనా అని చెప్పే ఈజ్_క్లాస్ కూడా కలిపి చూడాలి. పైగా టైప్‌కి పూర్తి డెఫినిషన్ ఉండాలి, ఫార్వర్డ్ డిక్లరేషన్ చాలదు.

డిస్ట్రక్టర్ ప్రైవేట్ అయితే? రెండు పద్ధతులూ ఓకే అంటాయి, ఆబ్జెక్ట్ తయారుచేయబోతేనే బండారం బయటపడుతుంది.

మీరు ఇన్‌హెరిట్ చేసేది ఖాళీ క్లాస్‌ని మెంబర్‌గా పెడితే అది తినే మెమరీ మిగుల్చుకోవడానికే అయితే, సీ++20 ఉన్నవాళ్లకి మెంబర్ ముందు రాసే [[no_unique_address]] (నో_యునీక్_అడ్రెస్) గుర్తు చాలు, ఫైనల్ క్లాసులకీ పనిచేస్తుంది.