పేనుబంకకు బవేరియానా, వర్టిసిలియమా? అక్షింతల పురుగు బతకాలంటే ఏది మేలు?

శెనక్కాయ చేలో పేనుబంక కనపడగానే మా అనంతపురం వైపు ఇప్పుడు చాలామంది "బవేరియా కొట్టన్నా, శిలీంధ్రమే కదా, మంచి పురుగులకు ఏమీ కాదు" అంటున్నారు. ఈ మాట నేనూ నమ్మినా, ఇప్పుడు నమ్మను. బవేరియా బీజాలు ఒంటి మీద పడి, తేమ దొరికితే మొలకెత్తి, చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. అది లద్దె పురుగు ఒళ్లా, అక్షింతల పురుగు ఒళ్లా అని చూడవు. పట్టుపురుగులు తెల్లగా గట్టిపడి చచ్చే జబ్బుకు ఈ బూజే కారణమని ఇటలీలో అగస్తీనో బస్సీ 1835లోనే చూపించాడు, అందుకే హిందూపురం వైపు మల్బరీ తోటలున్నవాళ్లు దీని జోలికే పోవద్దు.

పోయిన ఖరీఫ్ ముసుర్లో బవేరియా కొట్టిన వారానికి ఒక ఆకు కింద అక్షింతల పురుగు కాళ్లు ముడుచుకుని కనపడింది. అగ్గిపెట్టెలో తడి దూది పెట్టి దాన్ని అందులో ఉంచితే మూడో రోజుకు కాళ్ల కీళ్లలోంచి, రెక్కల సందుల్లోంచి తెల్లటి బూజు బయటికొచ్చింది. రోజుకు యాభై దాకా పేనుబంకను తినే పురుగది, చాలా బాధేసింది.

అలాగని ల్యాబ్‌లో చచ్చినన్ని చేలో చావవు. మన ఎండకు బీజాలు తొందరగానే చచ్చిపోతాయి. ముసురు పట్టినప్పుడే భయం, అందులోనూ రెక్కలు రాని పిల్లలు ఎగిరి తప్పించుకోలేవు.

వర్టిసిలియం కూడా పురుగులను చంపే శిలీంధ్రమే, కానీ ఎక్కువగా పేనుబంక, తెల్లదోమ లాంటి రసం పీల్చే మెత్తటి పురుగుల మీదే పనిచేస్తుంది. అక్షింతల పురుగుకు అసలు హాని లేదనను, బవేరియా కంటే తక్కువ. కాకపోతే గాలిలో తేమ బాగా కావాలి, మన దగ్గర అదే కష్టం, కొడితే వాన పడ్డాక సాయంత్రం పూటే కొట్టాలి.

పేనుబంకకైతే నా ఓటు వర్టిసిలియంకే. బవేరియా లద్దె పురుగు ఉధృతంగా ఉన్నప్పుడు చూసుకోవచ్చు. వేరు పురుగుకు మెటారైజియం అనే ఇంకో శిలీంధ్రాన్ని పశువుల ఎరువులో కలిపి నేలకే వేస్తాం కాబట్టి ఆకు మీది పురుగులకు పెద్దగా తగలదు.

ఏది కొట్టే ముందైనా పది మొక్కల ఆకులు తిప్పి చూడండి. బూడిద రంగు ఒంటి మీద నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా పాకేవి అక్షింతల పురుగు పిల్లలే, చీడ అనుకుని నలిపేయొద్దు. అవి బాగా కనపడితే పంపు పక్కన పెట్టి నాలుగు రోజులు ఆగి మళ్లీ చూడండి.