మడత తెల్లకర్ర: ఏళ్ల తరబడి వాడాక నా మాట

అల్యూమినియంతో చేసిన నాలుగు మడతల మామూలు తెల్లకర్ర ఇది. స్కూలు రోజుల నుంచీ నా చేతిలో ఈ రకమే ఉంది. నిలబెడితే ఛాతీ ఎముక దాకా రావాలని నేర్పేవాళ్లు చెబుతారు. నాది వేగం నడక, అందుకే ఇంకాస్త పొడుగుదే కొంటాను.

కర్ర గరుకు నేలకు తగిలితే ఆ గరుకు నాకు అరచేతిలో కాదు, కర్ర కొసలోనే తెలుస్తుంది. దీన్ని 2007లో పరిశోధకుడు ఆండ్రియా సెరీనో బృందం పరీక్షించి చూసింది. పరీక్షలో పాల్గొన్నవాళ్లు చేతి మీద స్పర్శ తగలగానే స్పందించాలి, అదే సమయంలో దగ్గరో దూరమో ఒక శబ్దం వినిపిస్తుంది. రోజూ కర్ర వాడే అంధులు కర్ర పట్టుకున్నప్పుడు, దాని కొస దగ్గర వచ్చిన శబ్దాన్ని ఒంటి పక్కదానిలా లెక్కలోకి తీసుకున్నారు. పొట్టి పిడి ఒక్కటే ఇస్తే ఆ పరిధి మళ్లీ చేతి దగ్గరికి తగ్గిపోయింది. బస్సులో కర్ర మడిచి సంచిలో పెట్టగానే నాకూ అంతే, చుట్టూ చోటు చిక్కిపోయినట్టు ఉంటుంది.

అందుకే బస్టాపులో ఎవరైనా "రండి సార్, ఇటు ఇటు" అంటూ కర్ర కొస పట్టుకుని లాగితే ఒళ్లు మండుతుంది. వాళ్ల దృష్టిలో అది వస్తువు, నాకైతే ముక్కూమొహం తెలియని మనిషి మణికట్టు పట్టుకుని ఈడ్చినట్టే. సాయం చేయాలనుకుంటే మోచెయ్యి అందించండి చాలు, నేనే పట్టుకుంటాను. మంచి మనసున్నవాళ్లే ఇలా లాగుతారు, గట్టిగా కసరలేను కూడా!

కర్రకున్న పెద్ద లోపం నడుము పైభాగమే. కింద నా హద్దు రెండు అంగల ముందుంటే, పైన చర్మం దగ్గరే ఆగిపోతుంది. లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, వంగిన చెట్టుకొమ్మలు నుదుటికి తగిలాకే తెలుస్తాయి. ఐఐటీ ఢిల్లీలో రూపుదిద్దుకున్న స్మార్ట్‌కేన్ ఈ లోటు కోసమే వచ్చింది. అల్ట్రాసోనిక్ తరంగాలతో పై అడ్డంకులను పసిగట్టి పిడిలో కంపిస్తుంది. కానీ రద్దీలో, ఊరికే కంపిస్తూ ఉంటే నాకు టెన్షన్. మామూలు కర్రకే అలవాటు పడ్డాను.

కొనేవాళ్లకు ఓ మాట: కర్ర కొసకు సన్నటి టిప్ వద్దు, రోడ్డు పగుళ్లలో దిగబడి పిడి పొట్టలో పొడుస్తుంది. దొర్లే టిప్ తీసుకోండి. మడతలను కలిపి ఉంచే లోపలి ఎలాస్టిక్ తాడు ముందు సాగుతుంది, తర్వాత ఓ రోజు తెగుతుంది. స్పేర్ తాడు కూడా అడిగి తెచ్చుకోండి.