క్లోడ్ లొరేన్ శిథిలాల బొమ్మలు: బ్రిటిష్ మ్యూజియం ఉచిత ఫైళ్లు అచ్చుకు పనికొస్తాయా?

పనికొస్తాయి, అసలు సైజు దాటనంతవరకే.

17వ శతాబ్దపు ఫ్రెంచ్ ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు క్లోడ్ 1635 ప్రాంతంలో రోమ్‌లో మొదలుపెట్టిన బొమ్మల పుస్తకం ‘లీబెర్ వెరిటాటిస్’లో దాదాపు 200 బొమ్మలున్నాయి. తన పెయింటింగులకు నకిలీలు రాకుండా ఒక్కోదానికీ ఇందులో గుర్తుగా బొమ్మ గీసిపెట్టుకున్నాడంటారు. విరిగిన స్తంభాలు, వాటిని కమ్మేసిన చెట్లు, వెనక మసక కొండలు. ఎక్కువగా గోధుమరంగు సిరా, పల్చటి వాష్ (నీళ్లు కలిపిన రంగు పూత)తోనే. 1957లో ఈ పుస్తకం మ్యూజియానికి చేరింది. అందుకే సైట్‌లో వెతికేటప్పుడు 1957,1214తో మొదలయ్యే నంబర్లు చూడండి. పుస్తకం పేరుతో వెతికితే 1777లో రిచర్డ్ ఎర్లమ్ చేసిన అచ్చులూ కలిసిపోతాయి. అవీ గోధుమరంగువే, బయట చాలాచోట్ల ‘క్లోడ్ డ్రాయింగ్’ అని అమ్మేది వాటినే. వివరాల్లో ఎచింగ్, మెజోటింట్ (రెండూ లోహపు పలకతో అచ్చువేసే పద్ధతులు) అని ఉంటే అది క్లోడ్ చెయ్యి కాదు.

అసలు కాగితం సుమారు 26 × 19.5 సెం.మీ. పొడవు వైపు 2500 పిక్సెళ్లున్న ఫైలైతే ఆ సైజులో అంగుళానికి 240కి పైగా వస్తాయి, కలం గీత తెగదు. ఎ3కి లాగితే 150కి పడిపోయి ఆకులు ముద్దకడతాయి. ఎ4 నిండా పరిచినా నష్టమే: కొలతల నిష్పత్తి వేరు కాబట్టి పైనో కిందో 1.3 సెం.మీ. కోతపడుతుంది, చెట్టు కొస పోతుంది. ‘ఫిట్ టు పేజ్’ తీసేసి అసలు సైజులోనే వేయించి, చుట్టూ తెల్ల అంచు వదిలేయండి.

ఎక్కువగా చెడేది రంగు దగ్గర. పుస్తకంలో కొన్ని కాగితాలు నీలివి, వాటి మీద వెలుగు కోసం తెల్లరంగు పూశాడు. ప్రింట్ షాపులో ఆటో కరెక్షన్ ఆన్‌లో ఉంటే నీలం బూడిదరంగులోకి తిరిగి, ఆ తెలుపు కనిపించకుండా పోతుంది. ముందే ఆఫ్ చేయించండి. లేజర్ ప్రింట్‌లో ఆకాశం చారలు పడే ప్రమాదం ఎక్కువ. పిగ్మెంట్ ఇంక్‌జెట్, 300 జీఎస్ఎం మ్యాట్ కాటన్ కాగితం అడగండి. గ్లాసీ అసలు వద్దు.

ఫ్రేమ్‌లో బొమ్మకూ అద్దానికీ మధ్య ఖాళీ ఉంచే మౌంట్ బోర్డు తప్పనిసరి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలం తేమకు కాగితం అద్దానికి అంటుకుంటుంది, విడదీస్తే సిరా లేచిపోతుంది.

బ్రిటిష్ మ్యూజియం ఫైళ్ల లైసెన్సు సీసీ బీవై-ఎన్‌సీ-ఎస్‌ఏ 4.0, అంటే పేరు చెప్పి, వ్యాపారానికి కాకుండా వాడుకోవచ్చు. ఇంటి గోడకు సరే, అమ్మకానికి కుదరదు. అమ్మాలనుకుంటే న్యూయార్క్ మెట్ మ్యూజియం 2017 నుంచి సీసీ0 (ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు) కింద ఇస్తున్న ఫైళ్లు వెతుక్కోవాలి.