పాత ఫోనుతో నడిచే రోబో: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పక్కన పడి ఉన్న పాత స్మార్ట్‌ఫోనును మెదడుగా అమర్చి కట్టుకున్న రోబోను చాలాకాలంగా వాడుతున్నాను. దాని మీద నాకు ఎంత ఇష్టం ఉందో, ఫోనుకూ కింది బండికీ మధ్యనున్న జానెడు యూఎస్‌బీ కేబుల్ మీద అంత కోపమూ ఉంది. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ కేబుల్ గురించే ఉంటుంది.

ఇంటెల్ ల్యాబ్స్ పరిశోధకులు 2020లో విడుదల చేసిన ఓపెన్‌బాట్ అనే, ఫోనును మెదడుగా వాడే రోబో నమూనాను అనుసరించి కట్టుకున్న నాలుగు చక్రాల బండి నాది. ఫోను ఆదేశాలను అందుకునే చిన్న బోర్డు ఆర్డుయినో నానో, మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, పసుపు రంగు ప్లాస్టిక్ గేరు మోటార్లు, 18650 రకం లిథియం సెల్స్ గురించి ఈ అభిరుచి ఉన్నవారికి కొత్తగా చెప్పవలసింది లేదు. నన్ను మొదటి నుంచీ ఆకట్టుకున్నది మనిషిని గుర్తించి వెంట నడిచే సదుపాయం. కెమెరా, తిరుగుడును కొలిచే గైరోస్కోపు, మనిషిని గుర్తించే న్యూరల్ నెట్‌వర్కును నడపగల ప్రాసెసర్, రోజంతా కాకపోయినా కొన్ని గంటలు నిలిచే బ్యాటరీ, ఇవన్నీ ఒకే పలకలో సిద్ధంగా దొరకడం వల్లనే ఇది ఇంట్లో కూర్చుని చేసుకోగలిగే పని అయింది. నేను గదిలో అడుగు వేయగానే బండి ముక్కు నావైపు తిరిగి కదిలిన మొదటి సాయంత్రం కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే నున్నటి నేల మీద ఎంతో చక్కగా నడిచే ఈ బండి, మందపాటి తివాచీ మీద ఉన్నచోటనే తిరగబోయినప్పుడు హఠాత్తుగా ఆగిపోయేది. ఆ క్షణంలోనే ఈ యూఎస్‌బీ పరికరాన్ని వాడుకోవడానికి యాప్‌కు అనుమతి ఇవ్వాలా అని అడిగే పెట్టె ఫోను తెరపై మళ్లీ ప్రత్యక్షమయ్యేది. అంటే కేబుల్ ఎవరూ లాగకపోయినా, నానో బోర్డు ఊడిపోయి మళ్లీ తగిలినట్టు ఫోను భావిస్తోందన్నమాట. ఫోను నుంచి సంకేతాలు ఆగిపోతే చక్రాలను నిలిపివేసే ఏర్పాటు నానో బోర్డులో నడిచే ప్రోగ్రాములో, అంటే ఫర్మ్‌వేర్‌లో, ఉండబట్టి బండి అదుపు తప్పి గోడకు గుద్దుకోలేదు. ఆ చిన్న జాగ్రత్తను రాసినవారికి నేను నిజంగా కృతజ్ఞుణ్ని.

కేబుల్ మార్చి చూశాను, ఫలితం లేదు. సెల్స్ బలహీనపడి వోల్టేజీ పడిపోతోందేమోనన్న అనుమానం సహజంగానే వచ్చింది, కానీ సెల్స్‌ను నిండుగా ఛార్జి చేసినప్పుడు సమస్య తగ్గకపోగా పెరిగింది. అసలు ఆచూకీ అక్కడే దొరికింది. విద్యుత్తు చాలకపోవడమే కారణమైతే నిండు సెల్స్‌తో పరిస్థితి మెరుగుపడాలి. చక్రాలను గాలిలోకి ఎత్తి తిప్పితే ఏ అవాంతరమూ రాలేదు. మోటార్ల తీగలను డ్రైవర్ నుంచి విప్పేసి అవే ఆదేశాలను పంపితే, ఎంతసేపైనా సంబంధం చెక్కుచెదరలేదు. దీన్నిబట్టి దోషం ఫోనులోనూ బోర్డులోనూ లేదనీ, బరువు మోస్తున్న మోటార్లలో పుడుతోందనీ తేలింది.

బ్రష్‌లున్న డీసీ మోటారులో కమ్యుటేటర్ (బ్రష్‌లను తాకుతూ తిరిగే లోహపు ముక్కల వలయం) తిరిగేకొద్దీ విద్యుత్ ప్రవాహం ఒక చుట్ట నుంచి మరో చుట్టకు మారుతూ ఉంటుంది, మారిన ప్రతిసారీ బ్రష్‌ల దగ్గర సన్నని నిప్పురవ్వ పుడుతుంది. చక్రం కదలలేక మోటారు మొరాయించినప్పుడు అది లాగే కరెంటు పెరుగుతుంది, దానితోపాటు ఆ రవ్వల తీవ్రతా పెరుగుతుంది. వాటి నుంచి వెలువడే విద్యుత్ రొదను పొడవాటి మోటారు తీగలు యాంటెన్నాల్లా చుట్టూ వెదజల్లుతాయి. అది యూఎస్‌బీ డేటా తీగల్లోకి చేరగానే ఫోను ఆ సంబంధాన్ని తెంచేస్తుంది.

మందు చాలా చిన్నది. రొదను పుట్టినచోటే అణచడానికి, 104 అని ముద్రించి ఉండే 0.1 మైక్రోఫారాడ్ సిరామిక్ కెపాసిటర్లను ఒక్కో మోటారుకు మూడు చొప్పున అతికాను: ఒకటి రెండు టెర్మినళ్ల మధ్య, మిగతా రెండూ ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు లోహపు తొడుగుకు. ఆ తొడుగు మీద సోల్డర్ ఒక పట్టాన నిలవదు. గరుకు కాగితంతో బాగా రుద్ది, ఫ్లక్స్ పూసి, ప్లాస్టిక్ గేర్లకు వేడి తగలకముందే పని ముగించాలి. తరువాత మోటారు తీగలను జంటలుగా మెలిపెట్టి, యూఎస్‌బీ కేబుల్‌ను వాటికి దూరంగా బండి రెండో వైపుకు మళ్లించి, దానికి విద్యుత్ రొదను అణచే ఫెరైట్ క్లిప్ ఒకటి తొడిగాను. ఆ మార్పుల తరువాత తివాచీ మీద ఎంత తిప్పినా అనుమతి అడిగే పెట్టె మళ్లీ కనిపించలేదు. నేను ఊహించని మేలు కూడా ఒకటి జరిగింది. ఎదురుగా ఏమీ లేకపోయినా అడ్డంకి ఉన్నట్టు అప్పుడప్పుడూ తప్పుడు దూరాలు చెప్పే అల్ట్రాసోనిక్ సెన్సర్ కూడా దానితోనే కుదుటపడింది.

ఫోనును యంత్రానికి కలిపే చోటే కష్టమంతా ఉంటుందనడానికి ఈ రంగపు చరిత్రే సాక్ష్యం. 2011లో వచ్చిన, ఫోనుతో నడిచే తొలి రోమో రోబో హెడ్‌ఫోన్ రంధ్రం గుండా మోటార్లకు ఆదేశాలు పంపేది. అదే ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 3.1తోనే, తనకు తగిలించిన యూఎస్‌బీ పరికరాలను ఆండ్రాయిడ్ పరికరమే నడిపించే యూఎస్‌బీ హోస్ట్ సదుపాయం డెవలపర్ల చేతికి అందింది. 2013 ఏప్రిల్‌లో నాసా నెక్సస్ వన్ ఫోన్లను మెదళ్లుగా పెట్టి ఫోన్‌శాట్ ఉపగ్రహాలను కక్ష్యలోకి పంపినప్పుడు, ఫోను స్తంభించిపోతే దాన్ని రీబూట్ చేయడానికి విడిగా ఒక వాచ్‌డాగ్ సర్క్యూట్‌ను జతచేశారు. ఫోను పలకకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు ఫోను బయటే ఉండాలన్న ఆ ఆలోచనే నా బండి ఫర్మ్‌వేర్‌లోనూ ఉంది.

మెదడు సిద్ధంగా దొరుకుతుందని పైన రాసిన మాటకు కొంత సవరణ అవసరం. నా ఫోను హోస్ట్‌గా పనిచేస్తున్నంతసేపూ ఛార్జి కాదు. పైగా కెమెరా, న్యూరల్ నెట్‌వర్కు కలిసి నడుస్తుంటే అది బాగా వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అప్పుడు గుర్తింపు ఆలస్యమై, బండి నన్ను దాటిపోయి మళ్లీ వెనక్కి తిరుగుతుంది. పాత లిథియం బ్యాటరీని పదేపదే వేడెక్కించడం మంచిది కాదు కనుక, వాడిన ప్రతిసారీ వెనుక మూత ఉబ్బిందేమో చూసుకుంటాను. వెంట నడవడంలోనూ పరిమితులున్నాయి. ఆ నెట్‌వర్కు మనిషిని గుర్తిస్తుందే గానీ ఫలానా మనిషి అని గుర్తించదు, కాబట్టి గదిలోకి మరొకరు వస్తే వారి వెంట పడుతుంది. నేను మరీ దగ్గరకు వస్తే నేలకు దగ్గరగా ఉన్న కెమెరాకు కాళ్లు మాత్రమే కనిపించి గుర్తింపు తప్పుతుంది. ఫోనును కొద్దిగా పైకి వంచి బిగించాక ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

నానోకు బదులు బ్లూటూత్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు పెట్టి బ్లూటూత్‌తో కలిపితే కేబుల్ బెడదే ఉండదు, ఛార్జింగ్ పోర్టూ ఖాళీ అవుతుంది. అయినా తీగ నిలకడగా పనిచేస్తున్నంతకాలం మార్చే ఉద్దేశం నాకు లేదు. సోల్డరింగ్ చేతనై, ఖాళీగా పడి ఉన్న ఫోను ఒకటి ఉండి, కారణాలు వెతకడంలో గడిచే సాయంత్రాలను ఇష్టపడే నాలాంటివారికి దీన్ని ధైర్యంగా సిఫారసు చేస్తాను. పెట్టె తెరవగానే నడిచే రోబో కావాలనుకునేవారికి, చిన్నపిల్లల చేతికి ఇవ్వాలనుకునేవారికి మాత్రం చేయలేను. ఇప్పుడే కట్టడం మొదలుపెట్టేవారైతే, తనలోనే దాదాపు 2 వోల్టులు మింగేసే ఎల్298ఎన్‌కు బదులు తక్కువ వోల్టేజీ మింగే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లతో పనిచేసే టీబీ6612ఎఫ్‌ఎన్‌జీ లాంటి డ్రైవర్ వాడడం మేలు. అయితే అది మోయగల కరెంటు తక్కువ కనుక, ఒక్కో ఛానెల్‌కు రెండేసి మోటార్లు కలిపే ముందు వాటి స్టాల్ కరెంటును, అంటే కదలలేక ఆగినప్పుడు లాగే కరెంటును, కొలిచి చూసుకోవాలి.