అహ్మదాబాద్ బాండ్ల వెనుక ఉన్న సలహా సేవ: ఫైర్-డి కార్యక్రమంపై సమీక్ష

పురపాలక ఆర్థిక సంస్కరణల కోసం అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 1994లో మన దేశంలో ప్రారంభించిన ఫైర్-డి కార్యక్రమం, సలహా నివేదికలతో సరిపెట్టుకోకుండా, నగరాల లెక్కలను రుణదాతలు నమ్మగలిగేలా చేయడంపై శ్రద్ధ పెట్టింది. ఆ తోడ్పాటుతోనే అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 1998లో రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండా 100 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. అయితే అంతకుముందే ఆక్ట్రాయ్ (నగరంలోకి వచ్చే సరుకులపై వేసే పన్ను), ఆస్తి పన్ను వసూళ్లను చక్కదిద్దుకున్న ఘనత మాత్రం ఆ నగరానిదే.

నాకు బాగా నచ్చినది ఎస్క్రో ఏర్పాటు. ఎంపిక చేసిన నాకాల (పన్ను వసూలు కేంద్రాల) ఆక్ట్రాయ్ రాబడిని ప్రత్యేక ఖాతాలో జమచేసి, బాండ్ల చెల్లింపులకు దానినే ఆధారం చేశారు కనుక, మదుపరికి తన సొమ్ము ఎక్కడినుంచి తిరిగివస్తుందో స్పష్టంగా తెలిసింది. కానీ 2007లో గుజరాత్ ఆక్ట్రాయ్‌నే రద్దు చేసింది. నగరం చేతిలో లేని నిర్ణయాలను తట్టుకునే ఆదాయ వనరును సలహాదారులు మొదటినుంచే వెతకవలసిందని నా అభిప్రాయం.

చిన్న పట్టణాలకు తమిళనాడు నమూనా మరింత ఉపయోగకరం. అక్కడ 13 స్థానిక సంస్థలు ఉమ్మడి నిధి ద్వారా సుమారు 30 కోట్లు సమీకరించగా, అసలులో సగానికి యూఎస్ఎయిడ్ హామీ ఇచ్చింది. మన పురపాలికలకు నేను నిస్సంకోచంగా సిఫారసు చేసేది ఈ పద్ధతినే.