కల్పిత జాతికి ముందు పుట్టుక కథా, నీతి కథా?

ఫాంటసీ రాయాలనుకునే మన పాలమూరు, నల్లగొండ పిల్లలకు మొదట ఇదే టెన్షన్. కృష్ణ ఒడ్డున గుండ్ల మధ్య బతికే ‘గుట్టవాళ్లు’ అనే జాతిని పుట్టించామనుకుందాం.

పుట్టుక కథ: పిడుగు పడి బండ పగిలింది. ఒళ్లంతా రాతిపొడితో మొదటి అవ్వ లేచొచ్చింది.
నీతి కథ: కరువులో ఒకడు బావి మీద సలప బండ కప్పి నీళ్లు దాచుకున్నాడు. తెల్లారేసరికి వాడే బండయ్యాడు.

సమయం: మొదటిది నెలలు తింటుంది. అవ్వ వచ్చిందంటే దేవుడెవరు, వంశాలెన్ని, అన్నీ తేల్చాలి. రెండోది ఒక సాయంత్రం పని.

ముడిసరుకు: రెండింటికీ ఇక్కడే ఉంది. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న ముడుమాల్‌లో పాతకాలపు నిలువురాళ్లు చూసి రండి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. కురుమల దేవుడు బీరప్ప ఒగ్గుకథ కూడా వినండి, డోలు దెబ్బతో సహా.

రిస్కు: పుట్టుక కథలో ‘వీళ్లు పెద్ద, వాళ్లు చిన్న’ అని కులం లెక్క చప్పుడు లేకుండా దూరుతుంది. నీతి కథకు శాపంతోనే చిక్కు. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లు, ఎముకలు వంగినవాళ్లు నిజంగా ఉన్నారు. నీళ్ల దొంగకు ఆ ఒళ్లే శిక్షగా రాస్తే, చదివేవాళ్లకు తమదే పాపమన్నట్టు తగులుతుంది. బండగా మార్చండి, చాలు.

పెద్ద నవలైతే పుట్టుక కథ. పత్రికకో, బడి పిల్లలకో అయితే నీతి కథ. ఎటూ తేలకపోతే నా ఓటు బావి దొంగకే. వాడి తాత ఎవరని పాఠకులు ఎలాగూ అడుగుతారు, అవ్వ కథ అప్పుడు రాసుకోవచ్చు.