ఉత్తరానికి 5 రూపాయలే, రసీదు కావాలంటే మాత్రం 47

మామూలు ఉత్తరాల వరకు నా ఓటు ఇప్పటికీ ఇండియా పోస్టుకే. 20 గ్రాముల లోపు కవరు మీద 5 రూపాయల స్టాంపు అంటించి డబ్బాలో వేస్తే, పక్క వీధికైనా అస్సాంకైనా అదే రేటు. ఇన్లాండ్ లెటర్ రెండున్నర, కార్డు ముక్క అర్ధ రూపాయి. ఇరవై ఏళ్లకు పైగా ఈ ధరలు కదల్లేదు, ఈ రోజుల్లో ఇంత తక్కువకి ఇంటి గుమ్మం దాకా తెచ్చిచ్చేది ఇంకేముంది చెప్పండి? ఒక్క కార్డు అడిగితే చిల్లర సమస్య కాబట్టి పది ఒకేసారి తీసుకోండి, సరిగ్గా 5 రూపాయలు.

బరువు దగ్గర మాత్రం జాగ్రత్త. ఏ4 కాగితం ఒక్కోటి దాదాపు 5 గ్రాములు ఉంటుంది, అంటే పల్చటి కవరులో మూడు కాగితాలు పెట్టేసరికే 20 గ్రాముల దగ్గరికి వచ్చేస్తాం, నాలుగోది పెడితే ఇంకో 5 రూపాయల స్టాంపు పడాల్సిందే. శుభలేఖలు పంపేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. ఈ మధ్య కార్డులు అట్టల్లా దళసరిగా వస్తున్నాయి, ఒకటి కౌంటర్‌లో తూకం వేయించి మిగతావాటికి అంటించండి. స్టాంపు తక్కువైతే ఆ తగ్గినదానికి రెట్టింపు అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు, పెళ్లికి పిలుస్తూ చుట్టాల చేత డబ్బు కట్టించడం ఏం బాగుంటుంది?

నాకు నచ్చనిది రిజిస్టర్ పోస్టు తీసేయడం. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇంతకుముందు 20 గ్రాముల ఉత్తరానికి 5 స్టాంపు, 17 రిజిస్ట్రేషన్ కలిపి 22 అయ్యేది, జీఎస్టీ వేరు. ఇప్పుడు ఊరు దాటితే 50 గ్రాముల వరకు 47, ఆ మనిషి చేతికే ఇవ్వాలంటే ఇంకో 5, వీటి మీద 18 శాతం జీఎస్టీ. ఉన్న ఊళ్లోనే అయితే 19, అది నిజంగా మంచి రేటు, విద్యార్థులకు 10 శాతం తగ్గింపు కూడా ఉంది. వేగంగానే వెళ్తుంది, ట్రాకింగ్ ఉంటుంది, కాదనను. కానీ పెన్షన్ అర్జీ పంపే పెద్దాయనకి రేపే చేరాలన్న తొందర లేదు, పంపినట్టు ఒక రసీదు, చేరినట్టు ఒక సంతకం ఉంటే చాలు. ఊరు దాటి పంపాలంటే ఆయనకి 5కీ 47కీ మధ్యలో ఏమీ మిగల్లేదు.

పుస్తకాలు పంపేవాళ్లకి 2025 మేలో వచ్చిన జ్ఞాన్ పోస్ట్ బాగుంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకైతే 100, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది, కాకపోతే రోడ్డు, రైలు మీద వెళ్తుంది కాబట్టి కాస్త ఆలస్యం అవుతుంది. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, కౌంటర్‌లో జ్ఞాన్ పోస్ట్ అని పేరు చెప్పి మరీ అడగండి. కథల సంపుటాలు, కవితా సంకలనాలు సొంత డబ్బుతో వేసుకుని పాఠకులకి తామే పంపుకునే మన రచయితలకి ఇది పెద్ద ఆసరా. పత్రికలకి మాత్రం ఇది వర్తించదు. చందాదారుల మీదే బతికే చిన్న సాహిత్య పత్రికలని కూడా ఇందులో చేర్చాలని గట్టిగా కోరుకుంటున్నాను.